రేకుల షెడ్డులో కూటం

"తాగుడు మానినోళ్లు కూడేది యాడప్పా?"

కర్నూలు బస్టాండులో భీమక్క ఈ మాట అడగడం అది నాలుగోసారి. గొంతు తగ్గించి అడగలేదు. సోడాబండి దగ్గర నిలబడ్డవాళ్లు ఆమె వెనకున్న మనిషిని ఎగాదిగా చూసి నవ్వారు. ఆ మనిషి ఆమె మొగుడు, చిన్న ఈరన్న. తలపాగా సర్దుకుని నేలచూపులు చూశాడు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన రెండో ఏడు అది. మద్యనిషేధం అమల్లో ఉంది. తాగి పట్టుబడితే జైలే. అలాంటి రోజుల్లో ఆ మాట నడిబజారులో అడగడానికి ఎవరికీ నోరు రాదు. భీమక్క ఐదోసారి కూడా అడిగింది.

మొగుడూ పెళ్లాం ఓర్వకల్లు గుట్టల్లో కంకర కొట్టి బతికేవాళ్లు. మూడు నెలల కిందట పోలీసులు వచ్చి గుడిసె చూరులోంచి నాటుసారా సీసా బయటికి లాగారు. నాదేనని ఈరన్న ఒప్పుకున్నాడు. రెండు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక మేస్త్రీ పనిలోకి రానివ్వలేదు. ఇరవై ఏళ్లు భజనలో తాళం వేసిన మనిషిని భజన జరిగే చోటికి కూడా రావద్దన్నారు.

భీమక్క మీద మాత్రం ఊరంతా జాలిపడింది. ఇట్లాంటోనితో ఎట్ల ఏగుతాండావే తల్లీ అని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఆ జాలి ఆమెకు కంపముల్లులా దిగేది. పళ్లు బిగబట్టి ఊరుకునేది.

ఈ కూటం సంగతి ఈరన్న జైల్లో విన్నాడు. సుందరం అని రైల్వేలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన, ఒకప్పుడు తాగి తాగి చావు అంచుదాకా పోయినవాడే, మద్రాసులో చూసొచ్చి ఇక్కడ మొదలుపెట్టాడట. ఆదివారం పొద్దున కూర్చుని ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటారట. మందూ లేదు, మంత్రమూ లేదు. ఇంటికి రాగానే ఈరన్న చెప్పాడు. ఇద్దరూ కూర్చుని, సారా మాట మరిచి కూటానికి పోవాలని గట్టిగా అనుకున్నారు.

గుడిసెలోకి సారా రాక ఆ ఆదివారానికి పన్నెండు రోజులు. మొదటి మూడు రోజులూ నరకమే. ఒకరు వణికి, వాంతులు చేసుకుని, గోడకేసి తల కొట్టుకుంటుంటే ఇంకొకరు గంజి పట్టుకుని పక్కనే కూర్చున్నారు.

ఐదోసారి అడిగిన మాట ఓ జట్కావాడి చెవిన పడింది. పేరు హుసేన్ వలి. తానూ అక్కడికే పోతున్నానని, బండి ఎక్కమని చెప్పాడు.

దారిలో ఈరన్న మెల్లగా అన్నాడు.

"మే, అనుకున్నె మాట తప్పొద్దు. మాట్లాడేది నేను. నువ్వు ఊరికే ఇనుకో."

భీమక్క మొహం రోడ్డు వైపు తిప్పుకుంది.

హంద్రీ ఒడ్డున ఏదో ఆఫీసు ఖాళీ చేసిపోయిన రేకుల షెడ్డు అది. లోపల చాపల మీద తొమ్మిదిమంది మగవాళ్లు. సుందరం ఎదురొచ్చి ఈరన్న చెయ్యి పట్టుకున్నాడు. భీమక్కను బయట నీడలో కూర్చోమన్నాడు.

"నేను బయట కూచోనప్పా," అంది భీమక్క.

ఆడమనిషి ముందర మనసు విప్పలేమని ఒకాయన గొణిగాడు. మొగుళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లంతా బయటే ఉంటారని ఇంకొకాయన అన్నాడు.

"పోలీసులు ఇంట్లోకొచ్చినా నేను లేసి పోలేదు. మీరు పొమ్మంటే పోతానా?"

చాప మీద కూర్చుంది. సుందరం ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. కూర్చోవచ్చు గాని నోరు మాత్రం మెదపకూడదన్నాడు. ఇక్కడ మాట్లాడే హక్కు తాగినవాళ్లకే.

హుసేన్ వలి మొదలుపెట్టాడు. తాగి పడిపోయి తన మొదటి గుర్రాన్ని ఎండలో మరిచిపోయాడు. మెలకువ వచ్చేసరికి అది కట్టుగుంజ దగ్గరే చచ్చిపడి ఉంది. చెప్పి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎవరూ ఓదార్చలేదు. ఎవరూ ఛీ అనలేదు. అందరూ విన్నారు, అంతే.

అలా వినే మనుషులను భీమక్క పుట్టాక చూడలేదు.

సుందరం ఈరన్న వైపు తిరిగాడు. భయపడొద్దని, ఇక్కడి మాట గడప దాటదని చెప్పాడు. ఈరన్న లేచి నిలబడ్డాడు. మేజిస్ట్రేటు ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకున్నాడు.

"నా పేరు చిన్న ఈరన్న. నేను శానా ఏండ్ల నుంచి..."

భీమక్క అతని పంచె పట్టి లాగి కూర్చోబెట్టింది. తాను లేచింది. నోరు మెదపొద్దన్నాను కదమ్మా అని సుందరం అడ్డుపడ్డాడు. గొణిగిన పెద్దమనిషి విసురుగా లేవబోయాడు. ఈరన్న వద్దు వద్దని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. భీమక్క విదిలించుకుంది. కొంగు నడుముకు బిగించి తలెత్తి, ఒక్కొక్కరి మొహంలోకి సూటిగా చూసింది.

"నా పేరు భీమక్క, తాగేది నేను, ఈ మనిషి నా బదులు జైలుకు పోయొచ్చినాడు గాని పుట్టి బుద్దెరిగినాక సారా చుక్క నాలిక మింద ఏసుకున్నోడు కాదు."