చరణానికీ చరణానికీ మధ్య

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు, ఆరాధన మొదలవకముందే, కోడలు పాటల స్లైడ్లలో తాను పెట్టిన ఎఫెక్టులన్నీ తీసేసింది. తీయించింది చర్చిలో పాట ఎత్తే అత్తగారే.

“చరణం మారినప్పుడల్లా ఆ అక్షరాలు గిరగిరా తిరుగుతూ రావడమేంటే? ఇది దేవుడి సన్నిధా, గారడీవాడి గుడారమా?”

“జనం నిద్రపోకుండా ఉంటారని, అత్తయ్యా.”

“అంటే నా పాటకు నిద్రపోతున్నారనా?”

కోడలు నాలుక కరుచుకుంది.

పాటను ఒకసారి పాడి చూసుకుందామని పాస్టరుగారు కీబోర్డు ముందు కూర్చున్నారు. కోడలు మీట నొక్కినప్పుడల్లా కొత్త చరణం ఠక్కున తెర మీదికి వచ్చింది. అత్తగారు వెంటనే అందుకున్నారు. మూడో చరణం సగంలో ఆమె గొంతు ఆగిపోయింది.

పాస్టరుగారు వాయించడం ఆపారు. “అమ్మగారూ, పాట ఎత్తడం ఇక వేరేవాళ్లకు అప్పగిద్దామా?”

అత్తగారు చీర కొంగుతో పెదవులు తుడుచుకున్నారు.

కోడలికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఆ అక్షరాలు తిరిగినంతసేపూ అత్తగారు ఊపిరి తీసుకునేవారు.

“తప్పు నాదేనండీ, స్లైడ్లు తొందరగా మార్చేశాను,” అంది పాస్టరుగారితో. “అత్తయ్యా, తెర మరీ బోసిగా ఉంది. ఒక్క ఎఫెక్టు పెట్టుకోనా?”

అత్తగారు కోడలి వంక కాసేపు చూశారు.

“సరదా పడుతున్నావుగా, పెట్టుకో. గిరగిరా మాత్రం వద్దు. నింపాదిగా వచ్చేదేదైనా చూడు.”

“ఎంత నింపాదిగా?”

“పిలిస్తే నువ్వు వంటింట్లోకి వచ్చేంత.”

ఆరాధనలో ప్రతి చరణమూ మసకగా మొదలై మెల్లగా తేటపడింది. అత్తగారు అయిదు చరణాలూ పాడారు.