పైకి చదవండి

“మనసులో కాదు, పైకి చదవండమ్మా,” అంది నర్సు. “ఆరడుగుల ఫ్లెక్సీ మీద తప్పు దొర్లిందంటే నలుగురిలో నవ్వులపాలవుతాం.”

ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చూసుకునే ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. నర్సు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఒకే ఒక్క పవర్‌పాయింట్ స్లయిడు. అంత పెద్ద కొలత అందులో పట్టదు. సగానికి పెట్టి, అచ్చులో రెండింతలు చేద్దామనుకుంది. కొలత మార్చి చూసేసరికి మూలనున్న బొమ్మ సాగి, సగం తెర ఆక్రమించింది. చెయ్యి పైకెత్తి నిలబడిన ఆడమనిషి. చంకలో ఎర్రటి చుక్క.

ఆమె చుక్క మీంచి చూపు తప్పించి అక్షరాల వైపు తిప్పింది.

“‘నొప్పి లేదు కదా అని ఊరుకోకండి,’” చదివింది.

“ఊఁ.”

“‘చంకలో గడ్డ చేతికి తగిలితే, అదే కరిగిపోతుందిలే అని రోజులు లెక్కపెట్టకండి.’”

రోజులా? మూడు నెలలు. మొదట శనగగింజంత ఉండేది, ఇప్పుడు గోలీకాయంత అయింది. ఈ సంగతి మూడోకంటికి తెలియనివ్వలేదు ఆమె.

“ఆగిపోయారేం?”

“ఏం లేదు సిస్టర్. అక్షరాలు బాగానే వస్తాయి. బొమ్మే, అంత పెద్దది చేస్తే మసకబారుతుంది. వేరే ఫోటో ఏమైనా...”

“బొమ్మ సంగతి తర్వాత చూద్దాం. మూడోది చదవండి.”

“‘ఎడమ చెయ్యి ఎత్తాలంటే భయమేసి, పై అరలోవి కూడా కుడిచేత్తోనే దించుకుంటున్నారా?’”

ఆమె తల తిప్పకుండానే పక్కనున్న అర వైపు చూసింది. పొద్దున ఇంకు డబ్బా దించింది కుడిచేత్తోనే, స్టూలెక్కి మరీ. గోడలకు చెవులుంటాయంటారు, కళ్ళు కూడా ఉంటాయా? ఆసుపత్రి వాళ్ళు ఇంతింత వివరంగా రాస్తారా? ప్రపంచంలో ఆడవాళ్ళందరికీ ఇలాగే ఉంటుందా, లేక తనది అంత ముదిరిపోయిందా?

“‘ఇంట్లోవాళ్ళు బెంగపడతారని దాచకండి,’” ఆఖరి వాక్యం గొణిగింది.

“తప్పులున్నాయా?”

“లేవు.” తెర మీంచి చూపు తిప్పకుండా, “మా అక్కకి... ఇలాగే ఉందట సిస్టర్,” అంది.

“చూపించుకుందా?”

“భయం.”

“కోస్తారనా?”

“కాదు. డాక్టరు నోట ఆ మాట వింటే, ఆ క్షణం నుంచీ అది నిజమైపోతుందని.”

నర్సు కుర్చీ దగ్గరకు లాక్కుంది. “గడ్డలన్నీ ఆ గడ్డలే కావమ్మా. చూపించుకున్నంత మాత్రాన లేనిది రాదు, దాచుకున్నంత మాత్రాన ఉన్నది పోదు. మీ అక్కకి ఆ మాట చెప్పండి.”

“చెప్తాను,” అంది. ఆర్డరు పుస్తకం ముందుకు లాక్కుంది. పనిలో పడితే తప్ప ఈ ఆలోచనలు ఆగేలా లేవు. “ఎన్ని కాపీలు సిస్టర్? గోడకి అంటించేదా, బయట కట్టేదా? బయటకైతే అంచులకి రింగులు కొట్టాలి. మిషను మా ఆయన చూసుకుంటారు, ఎక్కడికెళ్ళారో ఏమో, వచ్చాక సాయంత్రానికి...”

నర్సు పెన్‌డ్రైవ్ ఊడదీసి సంచిలో వేసుకుంది. ఆమె చేతిలోంచి పెన్ను మెల్లగా తీసి పుస్తకం మూసేసింది.

“అచ్చు వద్దమ్మా, షాపు మూసి ఆసుపత్రికి రండి. ఈ స్లయిడు మీ ఆయన రాసిందే. నోరు తెరిచి మిమ్మల్ని అడగలేక నన్ను పంపించి, బయట బండి మీద కూర్చుని వణికిపోతున్నారు.”