డాబా మీద వాకింగు

చెంప మీద పడిన దెబ్బకి తవిటమ్మ చేతిలోని బెల్లం ముక్క ఎగిరి, గిన్నెలు తోమే తొట్టిలో పడింది. మసి నీళ్ళలో మునిగిపోయింది.

“నాకు సప్పిడి సోడంబలి పోసి, నువ్వు సాటుగా బెల్లం మెక్కుతన్నావేటే?”

మొగుడు నరసింగరావు అప్పుడే డాబా మీద వాకింగు ముగించి దిగాడు. కోతులకని పట్టుకెళ్ళే కర్ర ఇంకా చేతిలోనే ఉంది.

పొద్దున్న దేవుడి పటం ముందు పెట్టిన నైవేద్యం ముక్క అది. తీసుకున్నందుకు దేవుడికి కోపం వచ్చిందో లేదో తెలియదు గాని, నరసింగరావుకి వచ్చింది. కర్ర ఆమె వీపు మీద ఫెళ్ళుమంది.

“మావా... కళ్ళు తిరగతన్నాయి...”

“తిరగవా మరి. దొంగకి సెమట్లు కూడా పడతాయి.”

నిజంగానే ఆమె జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

“కరోనా వచ్చిన కాణ్ణించి టీలో సుక్క తీపి నేదు నాకు. పత్యం నాకూ, బెల్లం నీకూనా?”

రెండో దెబ్బ మోచేతికి తగిలింది. మూడోది ఎక్కడ తగిలిందో ఆయనే చూసుకోలేదు. ఆమె గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.

“అప్పా, ఉన్నావా?” అని వాకిట్లోంచి పిలుపు. నరసింగరావు కర్ర మూలకి విసిరేశాడు.

ఆశా కార్యకర్త రాజకుమారి, తవిటమ్మకి చెల్లెలి వరస. ఇంటింటికీ జ్వరాలు రాసుకుంటూ, షుగరు చూసే మిషను సంచిలో వేసుకుని తిరుగుతోంది. లోపలికి చూస్తూనే మాస్కు కిందికి లాగేసి, తవిటమ్మ పక్కన కూలబడి వేలు గుచ్చింది.

“సుగరు ముప్పై ఎనిమిదికి పడిపోయినాది. అప్ప ఏటి తిన్నాది బావా?”

“ఏటీ నేదు. ఆదివారం కదా. నా సుగరు దిగాలని సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. ఎనిమిది వారాల నుంచి ఉపోషం. దిగితేనా? మొన్న కూడా మూడొందలు.”

“ఉపోషం ఉండి మాత్ర ఏసుకుందా?”

“మాత్రలు నావి. దానికేటి సుగరు?”

రాజకుమారి తలెత్తి చూసింది. “నాలుగేళ్ళ నుంచి ఉన్నాది. నెలనెలా నేనే ఇస్తన్నాను. నీకు సెప్పనేదా?”

చెప్పింది తవిటమ్మ. అప్పుడాయన వాకింగుకి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“తొరగా పంచదారో బెల్లమో తే. ప్రాణం పోతాది.”

“ఇంట్లో నేదు. ఉన్న ముక్క...” ఆయన చూపు తొట్టి మీదికి పోయింది.

“రేషను డిపోలో పంచదార ఇచ్చినారు కదా?”

“మా కార్డుకి రానేదు.”

“పక్కింటోళ్ళని అడుగు.”

“నిన్ననే కోరంటీనుకి తీసుకుపోయినారు. సందుకి అటూ ఇటూ కర్రలు కట్టీసినారు.”

తవిటమ్మ కళ్ళు తేలేసింది. నోట్లోంచి మాట కాని శబ్దమేదో వస్తోంది.

నరసింగరావు ఒకసారి రాజకుమారి ముఖం చూశాడు. ఒకసారి భార్య ముఖం చూశాడు. తల దించుకుని డాబా మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు.

“ఇప్పుడు వాకింగేటి బావా?” అని అరిచింది రాజకుమారి.

నీళ్ళ ట్యాంకు వెనక నుంచి ఆయన తెచ్చిన డబ్బాలో డిపో పంచదార సగమే ఉంది. చెంచా అందులోనే ఉంది.