ముందుగా లేచిన గీత

వేళ్ల కీళ్ల మీద మెత్తటి జెల్ దారాలు కుట్టిన గ్లవ్ అది. వేలు వంచితే దారం సాగుతుంది, కంప్యూటర్ తెర మీద గీత లేస్తుంది. లేవడం మాత్రం ఎప్పుడూ కాస్త ఆలస్యమే. "ఈ జెల్ నత్తకి తమ్ముడు" అని ల్యాబ్‌లో అందరూ నవ్వుకుంటారు.

ఆ రాత్రి గ్లవ్ తొడుక్కుని టెక్నీషియన్ ఒక్కతే కూర్చుని ఉంది. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. చూపుడువేలి గీత లేచింది. ఆ తరవాతే ఆమె వేలు వంచింది.

వైర్లన్నీ సరిచూసుకుంది. ఈసారి వంచకూడదనుకుని చెయ్యి బల్ల మీద పరిచింది. గీత లేచింది. వేలు దానంతటదే వంగి, మళ్లీ చాచుకుంది.

ఫోన్ మోగితే ఎడమచేత్తో తీసింది.

"కింద బండి మీదే ఉన్నా. ఇంకెంతసేపు?" అన్నాడు భర్త.

"అయిపోయిందండీ. గ్లవ్ విప్పేసి వస్తున్నా."

ఆ మాట పూర్తికాకముందే ఐదు గీతలూ ఒక్కసారిగా నిటారుగా లేచాయి. ప్రాణభయంతో దేన్నో పిడికిలి బిగించి పట్టుకుంటే ఎలా లేస్తాయో అలా. లేచినవి దిగలేదు.

బల్ల మీద ఆమె చెయ్యి ఇంకా చాచే ఉంది.

"ఏమైంది, మాట్లాడవేం?"

"ఏం లేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి" అంది, చిటికెనవేలు మెల్లగా ముడుచుకోవడం చూస్తూ.