గడియ పెట్టిన చెయ్యి

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే మంగాయమ్మకు కుడిచెయ్యి మాటలాడే మరచెయ్యి. దాన్ని అమర్చిన సుహాసిని వెళ్తూ వెళ్తూ దాన్ని నడిపించే మూలబుద్ధికి గడియ పెట్టేసింది. మళ్లీ తనే వచ్చి తీస్తే తప్ప ఆ చేతిలోకి కొత్త విద్య ఏదీ దిగదు.

వీధిలో మిగతా మరచేతులన్నీ ఉచితంగా వచ్చిన 'జోరు విద్య' దించుకుని రోజుకు రెట్టింపు రేకులు తీస్తుంటే, మంగాయమ్మ వారం రోజులు సుహాసినిని తిట్టిపోసింది.

శుక్రవారం పొద్దున్న ఆ చేతులన్నీ ఒక్కసారిగా పిడికిళ్లు బిగించాయి. జోరు విద్య వెనకే దొంగ విద్య దూరిందట. పక్కింటి సూరాయమ్మ చెయ్యి బోర్లించిన వేడికుండ మీదే బిగుసుకుపోయింది.

"ఏదో లోపలికి రాబోయింది, రానివ్వలేదు" అంది మంగాయమ్మ చెయ్యి, తాపీగా. ఆ చేత్తోనే ఆమె సూరాయమ్మను కుండ మీంచి లాగింది.

సాయంత్రం పిడికిళ్లు విప్పడానికి వచ్చిన సుహాసిని చేతిలో, ఆ రోజు తీసిన తొలి రేకుల పొట్లం పెట్టింది మంగాయమ్మ.

"ఇప్పుడు గడియ తియ్యమంటావా పిన్నీ?" అంది సుహాసిని నవ్వుతూ.

"తీశావంటే ఈ చేత్తోనే ఒక్కటిస్తాను!" అంది మంగాయమ్మ, ఆ చేత్తోనే ఆమె బుగ్గ నిమురుతూ.