మేనేజర్ బంతి అడిగాడు

ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లోంచి వర్జిల్ టాకెట్ బయటికి అడుగు పెట్టగానే స్టేడియం మొత్తం లేచి నిలబడింది.

"వద్దు! వెనక్కి పో!"

ఆ ముసలి మేనేజర్ తలెత్తలేదు. నేల చూపులు చూస్తూ తిన్నగా బంతి విసిరే పిచర్ దగ్గరికి నడిచాడు.

బేస్‌బాల్ ఆట, తొమ్మిదిలో ఎనిమిదో ఇన్నింగ్స్. డస్టిన్ ప్రూయిట్ వేసిన బంతుల్ని అవతలి జట్టులో ఇంతవరకు ఒక్కడూ కొట్టలేకపోయాడు. ఇంకో నలుగుర్ని ఇలాగే అవుట్ చేస్తే కార్వర్టన్ ఊళ్లో పిల్లా పెద్దా ఆ కుర్రాడి పేరే చెప్పుకుంటారు. పెద్ద లీగు నుంచి వచ్చినవాళ్లు అతన్ని చూడ్డానికే కూర్చున్నారు.

వర్జిల్ అరచెయ్యి చాపాడు. బంతి ఇచ్చేసి ఆట నుంచి తప్పుకోమన్నాడు.

డస్టిన్ ఇవ్వలేదు. మొహం మీదే ఏదో అరిచాడు. వర్జిల్ చాపిన చెయ్యి దించలేదు. చివరికి కుర్రాడు బంతిని ఆ చేతిలో కొట్టినట్టు పెట్టి, డగౌట్‌లోకి పోయి గ్లవ్ తీసి గోడకేసి కొట్టాడు.

బీరు గ్లాసులు మైదానంలోకి ఎగిరాయి.

మూడో వరసలోంచి ఒకావిడ కంచె దాకా దూసుకొచ్చింది. పేరు ఆర్లీన్. యాభై దాటి ఉంటాయి. తీగెలు రెండు చేతులా పట్టుకుని ఊపేస్తోంది.

"ఇవాళా? ఇవాళ తీస్తావా? ఇవాళ గుర్తొచ్చిందా నువ్వు మేనేజర్‌వని?"

మామూలుగా తిట్లలో తనను మించినవాడు లేడనుకునే మెల్విన్ అనే ప్రేక్షకుడు కూడా తన అరుపులు ఆపి ఆమెవైపు తిరిగాడు.

కొత్త పిచర్ వేసిన రెండో బంతినే ఎవడో బాదేశాడు. కాసేపటికి ఆట కూడా పోయింది.

"మేనేజరంటే గెలిపించేవాడమ్మా, అంతే," అన్నాడు మెల్విన్ ఓదారుస్తున్నట్టు. "గెలుపు నోటిదాకా వస్తే ఉమ్మేశాడు, ముసలి వెధవ."

ఆర్లీన్ అతని మీదికి తిరిగింది.

"గెలుపు! మీ అందరికీ అదొక్కటే కావాలి. గెలిస్తే భుజాల మీద ఎక్కించుకుంటారు. పిచర్ని కన్నదాన్ని నేను. నాకు చెప్పకు!"

మెల్విన్ గబుక్కున టోపీ తీసేశాడు. "పాపం, తల్లి. కడుపు మండదూ మరి," అన్నాడు పక్కవాడితో.

వర్జిల్ బయటికి వచ్చేసరికి ఆమె అతని ట్రక్కు తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది.

"జరుగమ్మా. ఇవాళ్టికి చాలినన్ని తిట్లు తిన్నాను."

"నేనింకా మొదలే పెట్టలేదు."

ఆమె కళ్లు చూసి వర్జిల్ గొంతు తగ్గించాడు. "తల్లివని తెలుస్తూనే ఉంది. ఒక్క మాట విను. రెండు ఇన్నింగ్స్ నుంచీ బంతి వేసినప్పుడల్లా చెయ్యి దులుపుకుంటున్నాడు. మోచెయ్యి కిందికి జారిపోతోంది. అడిగితే ఏం లేదన్నాడు. ఆ వయసులో అందరూ అదే అంటారు."

"అంటారు," అంది ఆర్లీన్. "ఏం లేదనే అంటారు."

"ఇంకాస్త లాగితే గెలిచేవాణ్ణే. ఓనరు రేపో మాపో నన్ను పీకేస్తాడు. పీకనీ."

"లాగితే చెయ్యి పోతుందని నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"చూడగానే తెలిసిపోతుందా?"

"నలభై ఏళ్లుగా ఇదే పని కదమ్మా. ఎందుకు తెలీదు?"

ఆమె మొహం ఎర్రబడింది. పిడికిలితో ట్రక్కు తలుపు మీద ఒక్క గుద్దు గుద్దింది. రేకు లొత్తపడింది. సముదాయించేకొద్దీ ఈవిడ ఇంకా ఎందుకు మండిపడుతోందో వర్జిల్‌కి అంతుపట్టలేదు. అతనికీ కోపం వచ్చింది.

"మేనేజర్ మంచివాడో కాదో గెలిచిన ఆటలు లెక్కపెట్టి చెప్పకూడదు. వాడి కింద ఆడిన పిల్లల చేతులు చూసి చెప్పాలి. తెలిసిందా?"

"అయితే మా ఇంటికి రా," అంది ఆర్లీన్, "పన్నెండేళ్ల కిందట ఇదే మైదానంలో ఆఖరి బంతి దాకా వేయించి కప్పు గెలుచుకున్నావే, ఆ మా అబ్బాయి చెయ్యి కూడా చూసి చెబుదువుగాని!"