వెన్నెల భోజనం

పొదల కింద చీమలు ఏరుకు తినే చకోరాన్ని ఆ అడవిలో ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒకనాడు పంతులుగారింటి పంజరంలోంచి తప్పించుకొచ్చిన చిలుక దాన్ని చూసి, "అయ్యో, మీరా! చకోరాలు వెన్నెల తాగే బతుకుతాయని మా పంతులుగారు చదివేవారండీ!" అంది.

అదేం లేదని చెప్పబోయింది చకోరం. ఈలోగా నిన్నటిదాకా "ఒరేయ్" అని పిలిచిన కాకి రెక్కలు జోడించి దండం పెట్టింది. చకోరం గొంతు సవరించుకుని, "ఏదో, మా వంశాచారం" అంది.

ఇక పగలంతా దర్శనానికొచ్చే పిట్టలే. రాత్రయితే అది నోరు తెరిచి వెన్నెల తాగుతుంటే చూడాలని కాపలా కాసేవి. వాటి ముందు చీమను ముట్టడానికి చకోరానికి మొహం చెల్లలేదు.

తొలకరికి పుట్టలోంచి ఉసిళ్ళు లేచాయి. పిట్టలన్నీ బంతి కట్టి కూర్చున్నాయి. వడ్డిస్తున్న కాకి చకోరాన్ని దాటి వెళ్ళిపోతూ, "తమకీ నీచు పెట్టి పాపం మూటగట్టుకోమంటారా స్వామీ?" అంది.

"రుచికి... ఓ నాలుగు వేస్తే..." అని గొణిగింది చకోరం.

"ఎంత సరసులండీ!" అంటూ బంతంతా విరగబడి నవ్వింది. డొక్కలు అంటుకుపోతున్నా చకోరమూ నవ్వింది.

పున్నమి మర్నాడు పొద్దున్నే చకోరం పొద కింద చచ్చి పడి ఉంది. చిలుక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాకి పెద్దరికంగా తలాడించింది.

"మహానుభావుడు! నిన్న నిండు వెన్నెల కదా, ఒళ్ళు తెలీకుండా తినుంటాడు. అరక్క పోయాడు."